ఎడమకు పోతున్న గురి

నూజివీడు,
1949 జనవరి 18

చిరంజీవి భానుమూర్తికి,

మీ బావ శ్రీరాములు దీవించి రాస్తున్నాడు. మీ అక్క పోయాక ఈ ఇంట్లో మిగిలిన ఇద్దరం, నేనూ నీ మేనకోడలు కల్యాణీ, బాగానే ఉన్నాం. కమలనూ పిల్లలనూ అడిగానని చెప్పు.

ఈ ఏడు చాట్రాయిలో ఒక మామిడితోట కాపు గుత్తకు తీసుకున్నాను. క్రితం ఏడు నైజాం సరిహద్దు గొడవలకు భయపడి ఆ వైపు ఎవరూ అడుగుపెట్టలేదు. ఇప్పుడు అంతా సద్దుమణిగింది. తోటలో అన్నీ రసాలే, మధ్యలో కొన్ని బంగినపల్లి చెట్లు. పూత బాగానే వచ్చింది. చెట్టు కింద నిలబడి తలెత్తి చూసి కాపు ఎంతో చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే కదా. నా పెట్టుబడి అంతా ఈ రెండు కళ్ళేనని మీ అక్క అంటూ ఉండేది.

అసలు సంగతికి వస్తాను. కాయ ముదిరే వేళకు చిలకలు గుంపులుగా దిగుతాయి. ఒక్కొక్కటీ ఒక కాయ పూర్తిగా తింటే బాధ లేదు, పది కాయలు కొరికి పారేస్తుంది. కాపలా కొండయ్యకు భుజం పట్టేసింది, వడిసెల తిప్పలేకపోతున్నాడు. తిప్పినా ఆ రాయి చిలకను వదిలేసి కాయను కొడుతుంది. పక్క తోటవాళ్ళు తుపాకితో కాలుస్తారు. నేనా పని చెయ్యలేను. చిలకను చంపితే ఆ తోట కాయ ఇంట్లోకి రానివ్వనని మీ అక్క నా చేత ఒట్టు వేయించుకుంది. మనిషి లేకపోయినా ఒట్టు ఉంది కదా.

అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. కొమ్మల మధ్య అక్కడక్కడ ఖాళీ కిరసనాయిలు డబ్బాలు వేలాడదీసి, గాలి తుపాకితో ఆ డబ్బాలను కొడితే, మోతకు చిలకలు లేచిపోతాయి. ప్రాణికి దెబ్బ తగలకూడదు, కాయకూ తగలకూడదు. కాబట్టి గురి తప్పని తుపాకి కావాలి. నాకు ఈ విద్యలో ఓనమాలు కూడా రావు. నువ్వు మద్రాసులో ఉన్నావు, నాలుగు షాపులు తిరిగి చూడు. గుత్తకే చేతిలో ఉన్నదంతా పోశాను, ఎక్కువ పెట్టలేను. చూడ్డానికి ఎలా ఉన్నా సరే.

నీ బావ,
శ్రీరాములు


మద్రాసు,
ఫిబ్రవరి 9

బావగారికి,

భానుమూర్తి నమస్కారాలు. మీ ఉత్తరం విని కమల నవ్వు ఆపుకోలేకపోయింది. "తరాలుగా తక్కెడ పట్టిన చేతులు, ఇప్పుడు తుపాకి పడతాయంటండీ?" అంది. డబ్బాలను కొట్టడానికని చెప్పేసరికి నవ్వు ఆపేసి, "వదినగారి మాట ఇంకా నిలబెడుతున్నారు" అని కళ్ళొత్తుకుంది.

నేను పనిచేసే కాగితాల కొట్టు కట్టేశాక రోజూ సాయంత్రం మౌంట్ రోడ్డు మీద పడ్డాను. మొదటి షాపులో ఇంగ్లీషు సరుకు, కొత్తది, నల్లగా నిగనిగలాడుతోంది. షాపువాడు అట్ట మీద అట్ట పెట్టి చీల్చి చూపించి దాని బలాన్ని తెగ పొగిడాడు. మన దగ్గరున్న డబ్బుకు అది దొరకదు సరే, దొరికినా నేను తీసుకోను. అంత గట్టి స్ప్రింగు గుండు గొట్టం దాటేలోపే తుపాకి మొత్తాన్ని కుదిపేస్తోంది. కొత్తగా నేర్చుకునేవాడికి అది లొంగదు. డబ్బా మోగడానికి అంత బలం దేనికి? ఇంకో చోట చాలా చవకది చూపించారు. గొట్టం లోపల గాజులా నున్నగా ఉంది. అలాంటిదాంట్లోంచి వెళ్ళే గుండు ఎటు పోతుందో చెప్పలేం. మంచి గొట్టానికి లోపల మెలితిరిగిన గాడులు ఉండాలి. ఆ గాడులు గుండును బొంగరంలా తిప్పి తిన్నగా పంపుతాయి.

చివరికి పాత సామాన్లలో ఒకటి దొరికింది. యుద్ధానికి ముందు వచ్చిన జర్మనీది. కర్ర మీద గీతలు పడ్డాయి, రంగు పోయింది. గొట్టంలో గాడులు మాత్రం చెక్కు చెదరలేదు. షాపు పెరట్లో ఇసక బస్తా మీద ఆనించి, నా చేతి వణుకు దానికి అంటకుండా, ఒకే రకం సీసపు గుళ్ళతో కాగితం మీద కాల్చి చూశాను. ఇంగ్లీషుది అరచెయ్యంత మేర చిందరవందరగా కొట్టింది. ఈ పాతది కొట్టిన చిల్లులన్నీ ఒక రూపాయి బిళ్ళ కింద దాగిపోయాయి. మధ్యలో పడలేదు, కాస్త కిందికి పడ్డాయి. అయినా అదే కొన్నాను. ఒకే చోట కొట్టే తుపాకి అయితే వెనక గురి దగ్గరున్న మర తిప్పి ఆ చోటును మధ్యకు తెచ్చుకోవచ్చు. చెదరగొట్టేదాన్ని మాత్రం ఏ మరా బాగుచెయ్యదు. మర తిప్పించి, గుండు పెట్టడానికి గొట్టం వంచే మడతలో తోలు బిళ్ళ కొత్తది వేయించాను. గుళ్ళు కూడా అదే రకం పెట్టాను, రకం మార్చకండి.

బెజవాడ దాకా రైలు పార్శిలు. రసీదు ఈ కవరులోనే ఉంది.

మీ
భానుమూర్తి


నూజివీడు,
మార్చి 14

చిరంజీవి భానుమూర్తికి,

తుపాకి భద్రంగా చేరింది. కల్యాణి పసుపూ కుంకుమా పెట్టింది. కొండయ్య దాన్ని ముట్టుకోవడానికే జంకాడు. "పేలుద్దేమోనండీ" అని దూరంగా నిలబడ్డాడు. ఎంత తేలిగ్గా ఉంది, భుజానికి ఎంత హాయిగా కుదిరింది! ఈ రెండేళ్ళలో నేను ఇంత ఉత్సాహంగా ఏ పనీ చెయ్యలేదంటే నమ్ము.

కానీ ఒక చిక్కు వచ్చింది. గుండు డబ్బాకు ఎడమగా పోతోంది. అప్పుడప్పుడూ కాదు, ఎప్పుడూ అంతే. కల్యాణి డబ్బాను దగ్గరికి జరిపి కట్టింది, అయినా అదే తీరు. కొండయ్య మూతి బిగించి నవ్వు దాచుకుంటున్నాడు. నువ్వు మద్రాసులో మర తిప్పించింది దారిలో కదిలిందేమో. దాన్ని ఎటు తిప్పాలో రాయి.

ఈ ఉత్తరంలో వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఏమీ అనుకోకు, కొత్త పాళీ సరిగ్గా లేదు. నుదుటి మీద బొప్పి కూడా ఒకటి సంపాదించాను. కల్యాణి తలుపు సగం తెరిచి వదిలేస్తుంది, ఎన్నిసార్లు చెప్పినా వినదు.

నీ బావ,
శ్రీరాములు


మద్రాసు,
మార్చి 27

బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం పట్టుకుని షాపుకు వెళ్ళి, నేను కూడా వాళ్ళ పెరట్లో అలాంటిదే ఇంకొకటి తీసుకుని అన్ని రకాలుగా కాల్చి చూశాను. గొట్టం వంచి మళ్ళీ బిగించాక మడత దగ్గర అటూ ఇటూ ఆడుతోందేమో చూడండి. కర్రకున్న మరలు వదులైతే బిగించండి. బియ్యం బస్తా మీద ఆనించి, మీట గట్టిగా లాగకుండా మెల్లగా నొక్కి కాల్చండి. అప్పటికీ ఎడమకే పోతే వెనక గురిని కాస్త కుడికి జరపండి.

ఇంకొక్కటి. కాల్చేటప్పుడు రెండు కళ్ళూ తెరిచి ఉంచుతున్నారా? తుపాకి కుడి భుజాన ఉండగా ఎడమ కంటితో గురి చూస్తే గుండు ఎడమకే పోతుంది. నేను కావాలని అలా చేసి చూశాను, మీరు రాసినట్టే పోయింది. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో చూసి ఒకసారి కాల్చండి. ఏమైందో నాకు తప్పకుండా రాయండి.

పాళీలు మా కొట్టులోవే మంచివి కొన్ని పంపుతున్నాను.

మీ
భానుమూర్తి


నూజివీడు,
ఏప్రిల్ 20

భానుమూర్తికి,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. మడత గట్టిగానే ఉంది. మరలు బిగించాను. బస్తా మీద ఆనించాను. గురి కుడికి జరిపితే ఒకసారి తగులుతుంది, మరోసారి ఎటో పోతుంది. నీ మంచితనం చూసి ఆ షాపువాడు నీకు పాత ఇనుము అంటగట్టాడు. నువ్వు కాగితాల లెక్క చూసుకునేవాడివి, నీకు తుపాకుల సంగతి ఏం తెలుసని నీ మీద పెట్టానా అని ఇప్పుడనిపిస్తోంది.

నిన్న కల్యాణి చేత కూడా కాల్పించాను. దానికీ ఎడమకే పోయింది. ఇప్పుడేమంటావు?

తోట సంగతీ బాగాలేదు. పిందె మీద ఉన్నప్పుడు నేను వేసిన అంచనాకూ ఇప్పుడు చెట్ల మీద ఉన్నదానికీ పొంతన లేదు. అంతా చిలకల పాలైంది. మంచి తుపాకి ఉండి ఉంటే ఈ గతి పట్టేది కాదు.

పాళీలు అందాయి.

శ్రీరాములు

మామయ్యా, కాగితం అడుగున ఇంత సన్నగా రాస్తే నాన్నకు కనపడదు. అందుకే రాస్తున్నాను. తుపాకి మంచిదే. నాన్న ఊళ్ళోకి వెళ్ళినప్పుడు బస్తా మీద ఆనించి కాల్చాను, ప్రతి గుండూ డబ్బాకు తగిలింది. నిన్న నాన్న ఎదురుగా మాత్రం కావాలనే పక్కకు కొట్టాను. "చూశావా, నీకూ అటే పోతోంది!" అని ఎంత సంబరపడ్డారో. చిలకలు తిన్నది కొంచెమే. కాపు మొదటి నుంచీ తక్కువే ఉంది, నాన్నకే ఎక్కువగా కనపడింది. నాకు భయంగా ఉంది. - కల్యాణి


మద్రాసు,
ఏప్రిల్ 29

బావగారికి,

నమస్కారాలు. మీరన్నది నిజమే, నాకు తుపాకుల సంగతి తెలియదు. తప్పు నాదే. కోతలు అయిపోగానే తుపాకి పట్టుకుని మీరూ కల్యాణీ మద్రాసు రండి. షాపువాడితో మాట్లాడాను, మీ ఎదుటే పరీక్ష చేయించి బాగుచేస్తానన్నాడు. పిల్లకు సముద్రం చూపించినట్టూ ఉంటుంది. కమల ఎప్పటి నుంచో రమ్మంటోంది.

నేను కిందటి ఉత్తరంలో ఒక మాట అడిగాను. మీరు దానికి జవాబు రాయలేదు. మరిచిపోయి ఉంటారు. అక్క ఉంటే మీ ఎదురుగా కూర్చుని ఆ మాటే అడిగేదని మాత్రం అనిపించింది.

మీ
భానుమూర్తి


నూజివీడు,
మే 24

నాయనా భానూ,

నీ ఉత్తరం కల్యాణి చేత చదివించుకున్నాను. ఇప్పటిదాకా మధ్యాహ్నం ఎండలో పెరట్లో నిలబడి ఎలాగో కూడబలుక్కుని చదివేవాణ్ణి.

తుపాకి పట్టుకుని రమ్మన్నావు. తుపాకి ఎందుకురా? నేనొస్తే చాలు.

నువ్వు అడిగిన పని ఉత్తరం అందిన రోజే చేశాను. తోటలో ఎవరూ లేకుండా చూసి ఎడమ కన్ను చేత్తో మూసుకున్నాను. డబ్బా లేదు. కొమ్మ లేదు. చెట్టే లేదు. పొయ్యి మీద పచ్చి పుల్లలు పెడితే వచ్చే పొగలాంటిది, అంతే. చెయ్యి తీసేస్తే మళ్ళీ అన్నీ ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఒంటికంటితో చూస్తూ రెండు కళ్ళతో చూస్తున్నాననుకున్నాను. ఆ ఒక్కదాంతోనే చాట్రాయి తోట కాపు అంచనా వేశాను. కోత కోస్తే నేననుకున్నదాంట్లో సగం రాలేదు. ఈ ఏడు తినడానికి లోటు లేదు కానీ వ్యాపారం మాత్రం దెబ్బతింది.

ఇంత తెలిసీ నిన్ను నానా మాటలూ అన్నాను. తుపాకిదే తప్పయితే బాగుండునని అంతగా కోరుకున్నాను.

మొన్న కల్యాణిని పిలిచి, "ఈసారి నిజంగా కాల్చమ్మా" అన్నాను. తుపాకి ఎత్తింది. డబ్బా గణగణ మోగింది. మళ్ళీ కాల్చింది, మళ్ళీ మోగింది. చిలకలన్నీ ఒక్కసారి లేచాయి. నువ్వు మంచి తుపాకి కొన్నావు భానూ. మా పిల్ల దాన్ని కింద పెట్టి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

శుక్లమే అయి ఉంటుందని కొండయ్య అంటున్నాడు. వాళ్ళ అన్నకు కోసి తీసేస్తే చూపు వచ్చిందట. జూన్‌లో బయల్దేరతాం.

నీ బావ,
శ్రీరాములు


మద్రాసు,
జులై 12

బావగారికి,

నమస్కారాలు. మీరు క్షేమంగా చేరినట్టు కల్యాణి కార్డు రాసింది. మీరు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. పిల్లలు సాయంత్రం అయితే "మామిడికాయ మామయ్య ఏడీ?" అంటున్నారు.

డాక్టరు గారు చెప్పింది మరోసారి రాస్తున్నాను, కల్యాణి మీకు చదువుతుంది. అది శుక్లం కాదు కాబట్టి కోసి తియ్యడానికి లేదు. నీటికాసులంటారు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరాన్ని తినేస్తుంది. కుడి కంటిలో పోయింది పోయినట్టే. ఎడమ కంటికి మాత్రం ఏ భయమూ లేదన్నారు. చుక్కల మందు వేళ తప్పకుండా వేసుకుంటే ఆ చూపు అలాగే నిలబడుతుందని నాతో గట్టిగా చెప్పారు. మందు అయిపోకముందే మళ్ళీ పంపుతాను. మీరు ధైర్యంగా ఉండాలి.

మీ
భానుమూర్తి


నూజివీడు,
సెప్టెంబరు 30

చిరంజీవి భానుమూర్తికి,

ఇది కల్యాణి దస్తూరీ, మాటలు నావి. మందు వేళకు వేస్తోంది. వేసినప్పుడల్లా కాసేపు కన్ను మసకబారి తలనొప్పి వస్తుంది, తర్వాత తగ్గుతుంది. నీ మాట మీద నమ్మకంతో ఉన్నాను.

చాట్రాయి గుత్త వదులుకున్నాను. ఊరికి దగ్గరలో సుబ్బారావు గారి చిన్న తోట ఉంది, దాన్ని చూడ్డానికి కల్యాణిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన గట్టు మీద నిలబడి, "పెళ్ళికెదిగిన పిల్లను తోటల వెంట తిప్పుతున్నారేంటండీ శ్రీరాములు గారూ?" అన్నాడు.

"చెట్లు చూడ్డానికండీ."

"మీరు చూడరా?"

కల్యాణే అంది, "నాన్న చూసేది నేను చూస్తానండీ. ధర మాత్రం నాన్నతోనే మాట్లాడండి." ఆయన గట్టు దిగి మమ్మల్ని తోటలోకి తీసుకెళ్ళాడు.

చెట్టు చుట్టూ ఒకసారి తిరగమంటాను. తూర్పు కొమ్మలు ఎలా ఉన్నాయి, చిగురు ఎర్రగా ఉందా, పాత ఆకు ఎంత ఉంది, కాండానికి జిగురు కారుతోందా అని అడుగుతాను. అన్నీ చెబుతుంది. మొదట్లో నేను బాధపడతానని ఉన్నదానికన్నా బాగుందని చెప్పేది. "ఉన్నదానికన్నా ఎక్కువ చూసే మొన్న మనం మునిగాం" అన్నాను. ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబుతోంది. నాకన్నా మెరుగే అవుతుంది. మీ అక్క చూసి ఉంటే బాగుండేది.

నీ బావ


నూజివీడు,
డిసెంబరు 6

నాయనా భానూ,

కల్యాణి రాస్తోంది. ఏది చెబితే అది మార్చకుండా రాయమని ఒట్టు వేయించుకున్నాను.

డాక్టరు గారు నిన్ను వరండాలోకి పిలిచి మాట్లాడినప్పుడు నేను తలుపు పక్క బల్ల మీదే కూర్చుని ఉన్నాను. "రెండోది కూడా చాలా దూరం పోయింది, ఏడాది నిలిస్తే గొప్ప" అన్నాడాయన. నువ్వు లోపలికి వచ్చి, "ఎడమ కంటికి భయం లేదన్నారు బావగారూ" అన్నావు. ఆ అబద్ధం చెప్పడానికి నువ్వు ఎంత కష్టపడ్డావో చూసి, నమ్మినట్టు ఊరుకున్నాను. కల్యాణికీ చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు రాస్తూ తెలుసుకుంటోంది. ఆగిపోయింది. రాయమ్మా.

ఈ నెల్లాళ్ళుగా బాగా తగ్గిపోయింది. గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో చిన్న మేర కనబడుతుంది, అదీ పొద్దున పూట. దాన్ని ఎక్కడ వాడాలా అని ఆలోచించుకుని ఖర్చు పెడుతున్నాను. మొన్న వీధి అరుగు మీద కల్యాణిని వెలుగుకు ఎదురుగా కూర్చోబెట్టి ముఖం ముక్కలు ముక్కలుగా చూసుకున్నాను. నుదురు, కనుబొమలు, గడ్డం. ఎడమ చెంప మీద చిన్న పుట్టుమచ్చ ఉందిరా. పదిహేడేళ్ళుగా నా కళ్ళముందు తిరిగిన పిల్ల, నేనెప్పుడూ చూడలేదు. మళ్ళీ ఆగిపోయింది. చీమ కుట్టిందంటోంది.

ఇంకా చూసుకోవలసినవాడివి నువ్వే. మీ అక్క పోలిక నీ ముఖంలోనే ఎక్కువ. సెలవు దొరికిన రోజు కాదు, వీలైనంత తొందరగా రా.

నీ బావ


మద్రాసు,
డిసెంబరు 28

చిరంజీవి కల్యాణికి,

మామయ్య ఆశీస్సులు. ఈ ఉత్తరం బావగారికి చదివి వినిపించకు. అడిగితే, కమల అత్తయ్య నీకు రాసిందని చెప్పు. అక్కడ ఉన్న నాలుగు రోజులూ నీకు చెబుదామని చెప్పలేకపోయాను. మోసుకుని తిరగడం కూడా నా వల్ల కావడం లేదు.

ఉత్తరం అందిన రోజే సెలవు అడిగాను. ఏడాది ఆఖరు లెక్కలని కొట్టులో కదలనివ్వలేదు. వారం దాటిపోయింది. ఆ వారం మీద నాకు ఎంత కోపంగా ఉందో చెప్పలేను.

ఆ పొద్దున నేను బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి నువ్వు నీళ్ళకు వెళ్ళావు. బావగారు నా అడుగుల చప్పుడు పట్టి, "భానూ!" అని లేచి వచ్చారు. రెండు భుజాలూ పట్టుకుని నన్ను ఎండలోకి తిప్పుకున్నారు. చాలాసేపు అలాగే నిలబెట్టి చూశారు. నేను రెప్ప వెయ్యకుండా నిలబడ్డాను. వారి ముఖం వెలిగిపోయింది.

"వచ్చావు, సమయానికి వచ్చావు. కనబడ్డావురా! మీ అక్క ముక్కే. ఏంట్రా, మీసం అప్పుడే నెరిసిపోయింది?" అన్నారు.

నాకు మీసం లేదు కల్యాణీ. జూన్‌లో మీరు వచ్చినప్పుడు ఉండేది, కార్తీకంలో మీ అత్తయ్య పోరు పడలేక తీయించేశాను. నువ్వు బిందెతో వచ్చి, "మీసం ఏదీ మామయ్యా?" అనబోతుంటే నేను నీ చెయ్యి గట్టిగా నొక్కింది అందుకే.

"అవును బావగారూ, బాగా నెరిసింది" అన్నాను.

వారు ఇక చూడలేరని నాకు తెలిసిపోయింది. నాకు తెలిసిందని వారికీ తెలిసిందేమో, అది మాత్రం నేను చెప్పలేను. ఆ నాలుగు రోజులూ వచ్చినవాళ్ళందరితో, "మా బావమరిదిని కళ్ళారా చూసుకున్నాను" అని చెప్పుకున్నారు. కొండయ్యతో చెప్పారు. సుబ్బారావు గారితో చెప్పారు. నువ్వూ అలాగే ఉండనియ్యి.

వేసవికి మళ్ళీ వస్తాను. బండెక్కిన దగ్గర్నించీ గడ్డం గీసుకునేటప్పుడు పైపెదవి వదిలేస్తున్నాను. వచ్చేవి నిజంగానే కొన్ని తెల్లగా వస్తున్నాయి. ఈసారి మీ నాన్న చేత్తో తడిమి చూస్తారు. వారి చేతికి మీసం తగలాలి.

మీ మామయ్య,
భానుమూర్తి